అమావాస్య దాటితే ఆరిపోయే హెడ్‌లైట్లు

ప్రొద్దుటూరులో కొత్త కారు కొన్నవాడు ముందు పెట్రోలు బంకుకు పోడు, పురోహితుడు వేదవ్యాస దగ్గరికి పోతాడు. ఆంజనేయస్వామి గుడి ముందు బండి ఆపి, తాళాలు ఆయన చేతిలో పెట్టి, పెళ్లికొడుకులా పక్కన నిలబడతాడు. వేదవ్యాస బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ గీసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, గుమ్మడికాయ కొట్టించి, అప్పుడు మైకు అందుకుంటాడు. మైకు గుడిదే గానీ దాని మీద మక్కువ మాత్రం ఆయన సొంతం.

"వాహనానికి దీపాలే కండ్లు నాయనా. దిష్టి తగిలితే ముందు తగిలేది కండ్లకే. అందుకని నిమ్మకాయ, మిరపకాయలు కంటి పక్కనే కట్టాల. దారంతో కడితే తెగిపోతాది. ఇనుముకు ఆనేటట్టు తీగతో బిగించి కట్టాల."

ఈ మాట ఏ శాస్త్రంలో ఉందని అడిగినవాడు ఇంతవరకూ లేడు. అడిగుంటే చెప్పడానికి వేదవ్యాస దగ్గర ఏమీ లేదు. ఎప్పుడో ఒక కారాయన పూజంతా అయ్యాక కూడా "ఇంకేమన్నా చెప్పండి సామీ" అన్నట్టు ఆశగా నిలబడితే, నోటికొచ్చింది చెప్పాడు. విన్నవాళ్లకు అది మంత్రాల కంటే బాగా నచ్చింది. ఇక వదిలిపెడతాడా?

ఇంతమంది బండ్లకు నిమ్మకాయలు కట్టించిన మనిషి సొంత బండికి ఒక్కనాడూ కట్టుకోలేదు. పగలు గుడికి ఎదురుగా వేపచెట్టు కింద, రాత్రి ఇంటి ముందర వీధిలో నిలబడి ఉంటుంది అది, పాలమీగడ రంగు అంబాసిడర్. వాళ్ల నాయన పౌరోహిత్యం చేసే రోజుల్లో కడపలో ఒక ఇంజనీరు దగ్గర కొన్నది. "మా నాయన తోలిన బండికి దిష్టేంది?" అంటాడు వేదవ్యాస. బ్రహ్మంగారిమఠంలో నామకరణమైనా, కొండాపురం ఊళ్లవాళ్లు కొత్తగా కట్టుకున్న కాలనీలో గృహప్రవేశమైనా అందులోనే పోతాడు. దర్భలు, పీటలు, హోమం ఇటుకలు, చివరికి అరటిపిలకలు కూడా డిక్కీలో పడుకుని వస్తాయి. చిన్న కారు కొనుక్కోమని చెప్పినవాళ్లకు ఆయన జవాబు ఒకటే: "దాంట్ల అరటిచెట్టు పడ్తాదా?"

భార్య రుక్మిణమ్మ ఆ కారును పేరుపెట్టి పిలవదు, సవతి అంటుంది. "మీ ఇంకో ఆమెకు స్నానమైందా?" అని అడుగుతుంది పొద్దున్నే ఆయన బకెట్టు పట్టుకుని వీధిలోకి పోతుంటే. ఆయన నవ్వుతాడు. ఆమె నవ్వదు. అదీ వాళ్ల సంసారం, హాయిగానే సాగిపోతూ ఉండేది, ఉగాది వరకు.

ఉగాది తర్వాత కారుకు దీపాల జబ్బు పట్టుకుంది. హెడ్‌లైట్లు వేస్తే కుడివైపుది కిరసనాయిలు బుడ్డిలా మినుకుమంటుంది. కుడి ఇండికేటర్ వేస్తే దాంతోపాటు హెడ్‌లైటు కూడా కన్ను కొడుతుంది. ఒక్కోసారి గుంతలో పడగానే రెండు హెడ్‌లైట్లూ భగ్గున వెలుగుతాయి, ఇంకో గుంతలో ఆరిపోతాయి. వేదవ్యాస కారును అలీ అహ్మద్ దగ్గరికి తోలుకుపోయేవాడు. అలీకి జమ్మలమడుగు రోడ్డులో బండ్ల కరెంటు పని చేసే అంగడి ఉంది. ఇద్దరూ ఒకే బడిలో, ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. అలీ ఒకసారి బల్బులు మార్చాడు. మరోసారి స్విచ్ మార్చాడు. ఇంకోసారి రిలే మార్చి, లోపల వైర్లన్నీ పట్టుకుని గుంజి చూశాడు. ప్రతిసారీ లైట్లు బ్రహ్మాండంగా వెలిగేవి. ప్రతిసారీ కొన్నాళ్లకు మళ్లీ మొదటికి వచ్చేవి.

ఒక సాయంత్రం జమ్మలమడుగులో గృహప్రవేశం చేయించి వేదవ్యాస, రుక్మిణమ్మ తిరిగొస్తున్నారు. చీకటి పడుతోంది. శనగ చేల మధ్య ఎవరో దీపం ఊదినట్టు రెండు లైట్లూ ఒక్కసారిగా పోయాయి. ఎదురుగా పత్తి ట్రాక్టరు. వేదవ్యాస స్టీరింగు తిప్పేసి రోడ్డు దిగాడు. ట్రాక్టరు గాలి తగిలేంత దగ్గరగా పోయింది, దాని డ్రైవరు ఏదో తిట్టు కూడా విసిరి పోయాడు. అక్కడి నుంచి రుక్మిణమ్మ ఫోను టార్చి వేసి, చెయ్యి కిటికీలోంచి బయటకు చాపి, దారి చూపిస్తూ వచ్చింది. ఊరు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం చూసి వేదవ్యాసకు ట్రాక్టరును చూసినప్పటి కంటే ఎక్కువ భయమేసింది.

ఇంటికి వచ్చాక చెప్పింది. "ఇంగొక్కసారి ఇట్ల జరిగితే ఆ కారు ఈ ఇంటి ముందర ఉండకూడదు. మాటియ్యండి."

వేదవ్యాస పంచాంగం మీద చెయ్యి వేసి మాటిచ్చాడు. ఆ వెంటనే కారును అలీ దగ్గర బాగు చేయించుకొచ్చాడు కూడా. నెల తిరక్కుండానే శుక్రవారం సాయంత్రం గుడి నుంచి వస్తుంటే సొంత వీధి మలుపులో, రుక్మిణమ్మ వాకిట్లో నిలబడి చూస్తుండగా, రెండు లైట్లూ పోయాయి. ఇచ్చిన మాట ఇచ్చిందే.

పులివెందులకు చెందిన ప్రవీణ్ అనే కుర్రవాడు అప్పటికే కారు మీద కన్నేసి ఉన్నాడు. సేద్యం చేసే ఇంటివాడు, కడప రోడ్డులో కొత్తగా దాబా పెడుతున్నాడు. తన కొత్త బండి పూజకు వచ్చినప్పుడు వేపచెట్టు కింద అంబాసిడర్‌ను చూసి దాని చుట్టూ తిరిగాడు. "సామీ, ఇది నాకియ్యండి. దాబా ముందర దిమ్మె కట్టి దాని మింద పెడతా. ఇంజన్ తీసేసి బానెట్‌ల పూలచెట్లు పెంచుతా. వచ్చినోళ్లంతా ఫోటోలు దిగుతారు. నేను బాగా చూసుకుంటాలే సామీ," అన్నాడు. మంచి పిల్లవాడు, మనస్ఫూర్తిగానే అన్నాడు. వేదవ్యాసకు మాత్రం నాయన కూర్చున్న సీటు ముందు బంతిపూలు మొలిచినట్టు కనిపించింది.

రుక్మిణమ్మ ప్రవీణ్‌కు ఫోను చేసింది. "ఆదివారం రా నాయనా. వచ్చి తీసుకపో."

"శనివారం ఒక్కరోజు నాకియ్యి. అలీ దగ్గర తేలకపోతే తాళాలు నేనే ఇస్తా," అన్నాడు వేదవ్యాస. ఇన్నేళ్ల సంసారంలో ఆయన ఏదైనా అడగడం తక్కువ. ఆమె సరేనంది.

శనివారం పొద్దున్నే కారు అలీ అంగడి ముందు నిలబడింది. అలీ దాన్ని చూసి తల గోక్కున్నాడు.

"బల్బులు మార్చినా, స్విచ్ మార్చినా, రిలే మార్చినా. ఇంగ మార్చనిది నిన్నొక్కన్నే సామీ."

"రేపు కారునే మారుస్తాండారు అలీ. దాబాకు పోతాంది."

అలీ మొహంలో నవ్వు పోయింది. టీ తెప్పించాడు. ఇద్దరూ స్టూళ్ల మీద కూర్చుని కారు వైపు చూస్తూ తాగారు, ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్లలా.

"ఒకటి చెప్తా, నవ్వగూడదు," అన్నాడు వేదవ్యాస.

"నవ్వనులే, చెప్పు."

"ఇది ఎప్పుడు పోయినా అమావాస్య దాటినాకనే పోతాంది. జమ్మలమడుగు గృహప్రవేశం విదియ. అంతకు ముందు మఠంల నామకరణం తదియ. నిన్న విదియ. ఏకాదశి వ్రతాలకు ఎన్ని ఊర్లు తిరిగినా ఒక్కనాడు పోల్యా."

అలీ మాట తప్పాడు. గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వాడు. "కరెంటుకు తిథి యాడుందప్పా? చంద్రుడు లేడని నీ హెడ్‌లైట్లు అలిగినాయా?" నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. "ఉండుండు. కరెంటుకు తిథి లేదు. మనుషులకు ఉంటాది. అమావాస్య నాడు నీ కారును ఎవరో ఏందో చేస్తాండారు."

"ఎవరు చేస్తారు? నేను కడుగుతా, నేను తుడుస్తా. ఇంగెవరూ తాకరు."

అలీ లేచాడు. పొడుగాటి వైరు ఒకటి తెచ్చి ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కు తగిలించాడు. హెడ్‌లైట్లు వేయమన్నాడు. కుడి దీపం మినుకుమంటోంది. వైరు రెండో కొసను ఆ దీపం చుట్టూ ఉన్న ఇనుప చట్రానికి ఆనించాడు. దీపం ఒక్కసారిగా భగ్గుమంది, పట్టపగలు కూడా కళ్లు మూసుకోవాల్సి వచ్చింది. వైరు తీశాడు, మళ్లీ మినుకు. ఆనించాడు, మళ్లీ భగ్గు.

"ఛీ, నా బతుకు," అన్నాడు అలీ. "ఎర్తు. ఎర్తు సరిగా లేదు. దీపంలోకి వచ్చిన కరెంటు తిరిగి పోయేదానికి దారి ల్యాక, పక్కనున్న ఇండికేటర్‌ల దూరి పోతాంది. అందుకే రెండూ కలిసి కన్ను కొడతాండాయి. బ్యాటరీ దగ్గర ఎర్తు మెరుస్తాంది కదా అని ముందరిది చూడల్యా నేను. వైర్లు గుంజినప్పుడంతా కొంచెం తగులుకుని వెలిగేది, నేను మార్చిన స్విచ్ గొప్పనుకుంటి."

ముందు దీపాల ఎర్తు వైర్లన్నీ కలిసి ఒకే బోల్టుకు బిగించి ఉంటాయి, బంపర్ వెనక, పైనుంచి చూస్తే కనపడని చోట. అలీ గోనెపట్ట పరుచుకుని వెల్లకిలా పడుకుని, బంపర్ కిందినుంచి చెయ్యి పైకి పెట్టి తడిమాడు.

"సామీ."

"ఏంది?"

"నీ కారుకు నిమ్మకాయ కాసింది."

చెయ్యి బయటకు తీశాడు. అందులో నిమ్మకాయ ఉంది, ఇంకా పచ్చగా, రసం కారుతూ, మిరపకాయలతో సహా. దాన్ని గుచ్చిన రాగి తీగ కొస ఇంకా లోపలే బోల్టుకు చుట్టుకుని ఉంది. అలీ పానా పెట్టి ఆ బోల్టునే ఊడదీశాడు. దాని చుట్టూ పాత తీగల చుట్లు ఒకదాని మీద ఒకటి, చిన్న పిల్ల చేతికి గాజులు వేసినట్టు ఉన్నాయి. ప్రతి అమావాస్యకూ పాత కాయ లాగేసి, కొత్త కాయ కట్టినట్టున్నారు. కాయ లాగినప్పుడంతా బోల్టు వదులైంది. రసం కారి, రాగి పచ్చబడి, ఇనుము తుప్పు పట్టి, వైర్ల కొనలు పొడిపొడిగా రాలిపోతున్నాయి.

అలీ తీగను వెలుతురులో పెట్టి చూశాడు. "ఇది నా అంగడి తీగే. ఉగాది అయినాక రుక్మిణక్క వచ్చి అడిగింది. మల్లెపందిరికి అనె. ఒక చుట్ట ఇస్తి."

వేదవ్యాస ఇంట్లో మల్లెపందిరి లేదు. మల్లెతీగ కూడా లేదు.

వేదవ్యాస ఆ నిమ్మకాయను చేతిలోకి తీసుకున్నాడు, తుప్పు కలిసిన రసం చొక్కా మీద కారింది. ఉగాది నాడు గుడిలో పంచాంగం చదివింది తనే. అందరి రాశులూ చదివి, తన రాశి వచ్చేసరికి "ఈ ఏడు నాకు వాహన గండం ఉండాదంట, అంబాసిడర్‌ను చూస్తే గండమే భయపడి పారిపోతాది" అని మైకులో హాస్యమాడాడు. జనమంతా నవ్వారు. ఆడవాళ్ల వరసలో కూర్చున్న ఒక మనిషి మాత్రం నవ్వలేదన్నమాట. ఆ మనిషికి మోకాళ్ల నొప్పి. చాప మీద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. ఆమె ప్రతి అమావాస్యకూ తెల్లవారకముందే వీధిలో మట్టి మీద కూర్చుని, సవతి అని పిలిచే కారు కిందికి చెయ్యి దూర్చి, కంటి పక్కన, ఇనుముకు, తీగతో బిగించి కట్టింది. ఆయన మైకులో చెప్పినట్టే, ఒక్క అక్షరం తప్పకుండా. ఆయనకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి, ఏది ముందు వచ్చిందో అలీ అడగలేదు.

అలీ బోల్టు ఆనే చోట గరుకు కాగితంతో ఇనుము తెల్లబడేదాకా రుద్దాడు. వైర్లకు కొత్త కొనలు వేసి, కొత్త బోల్టు బిగించి, పైన వేసలిన్ పూశాడు. హెడ్‌లైట్లు రెండూ సమానంగా వెలిగాయి. ఇండికేటర్ తన పని తాను చేసుకుంది.

"అక్కకు చెప్తావా?" అన్నాడు అలీ చేతులు తుడుచుకుంటూ.

"ఎట్ల చెప్పేది? ఆ పొద్దు ట్రాక్టరు కింద పడబోయింది నీవల్లే అని చెప్పేదా?"

"చెప్పకపోతే వచ్చే అమావాస్యకు మల్ల కడ్తాది. మల్ల నా అంగట్లో పడుకుంటాది నీ కారు. ఆలోచించుకో."

ఇంటికి వచ్చేసరికి రుక్మిణమ్మ బొరుగులతో ఉగ్గాని చేసి పెట్టింది. వేదవ్యాస తింటూ దారి పొడవునా కూర్చుకున్న మాటలు తీశాడు. "దీపాలు బాగైనాయి. అలీ చేసినాడు. అన్నట్టు, దిష్టి నిమ్మకాయ ఉండాదే, దాన్ని ఇనుముకు కట్టకూడదంట. నూలుదారంతో బంపర్‌కు కిందికి వేలాడేటట్టు కట్టాల్నంట."

"ఎవరన్నారు?"

"శాస్త్రం."

"పోయిన వారం ఇనుముకే బిగించి కట్టమంటిరి. మైకు మన వంటింట్లోకి వినపడ్తాది."

వేదవ్యాస ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. నీళ్లు తాగాడు. మంత్రాలు తడబడకుండా చదివే నోరు భార్య ముందు ఎప్పుడూ ఇంతే. "అది శాస్త్రం కాదు రుక్మిణీ. నేనే కల్పించినా. వినేటోళ్లకు బాగుంటాదని చెప్పినా."

ఆమె ఆయన చొక్కా మీద నిమ్మరసం మరకను చూసింది. అర్థమైపోయింది. గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది.

"అయితే ఆ పొద్దు దీపాలు పోయింది నా వల్లనా?"

"నీ వల్ల కాదు. నా నోటి వల్ల."

"మిమ్మల్ని నేనే చంపబోయినానా?"

"నువ్వు నా మాట విన్నావు. ఊర్లో ఇంతమంది విన్నా ఎవరికీ ఏమీ కాల్యా. నువ్వు ఒక్కదానివే నిజంగా నమ్మినావు."

రుక్మిణమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఇక ఊరుకుంటుందేమో అనుకున్నాడు వేదవ్యాస. ఊరుకోలేదు, కోపం తెచ్చుకుంది. ఆమె కోపం చూశాక గానీ ఆయనకు ధైర్యం రాలేదు.

"గండముందని మీరే చదివితిరి. చదివి నగితిరి. ఊరందరి బండ్లకూ కడ్తారు, ముక్కూ మొహం తెలియనోళ్లకు కడ్తారు. మీరు ఎక్కే బండికి మాత్రం కట్టరు. ఇంగ నేను కట్టక ఎవరు కడ్తారు?"

వేదవ్యాస లేచి చెయ్యి కడుక్కుని, గూట్లోంచి కారు తాళాలు తీసి ఆమె పక్కన పెట్టాడు. "మాటిచ్చినా కదా. నీ ఇష్టం. రేపు ఆ పిల్లోనికి నువ్వే ఇయ్యి."

ఆమె తాళాలు తీసుకుంది. బొడ్లో దోపుకుంది. కాసేపటికి, "పొద్దు కుంకుతాంది. ఆ దీపాలు ఎట్ల వెలుగుతాండాయో చూపియ్యండి," అంది.

జమ్మలమడుగు రోడ్డులోనే పోయారు, అదే శనగ చేల దాకా. గుంతలు వచ్చినప్పుడంతా రుక్మిణమ్మ డాష్‌బోర్డు గట్టిగా పట్టుకుంది. ఏ గుంతలోనూ దీపాలు ఆరలేదు. ట్రాక్టరు దాటిపోయిన చోట కారు ఆపి వెనక్కి తిప్పుతుంటే, "మీ నాయన కూడా ఇంత నిదానంగానే తోలేవాడా?" అని అడిగింది. ఆ కారు గురించి ఆమె మామూలుగా ఒక మాట అడగడం అదే మొదలు.

ఆదివారం పొద్దున ప్రవీణ్ క్రేన్ బండి వెంటబెట్టుకుని వచ్చాడు. రుక్మిణమ్మ వాకిట్లోనే ఎదురైంది.

"ఏమనుకోవద్దు నాయనా. ఇచ్చేది ల్యా."

"ఏంటికమ్మా? దిమ్మె గూడ కట్టిస్తి నేను."

"దానికి కండ్లు కనపడ్తాండాయి ఇప్పుడు. కండ్లు కనపడేదాన్ని తీసుకపోయి పూలచెట్లకు కూచోబెడ్తావా?"

ప్రవీణ్ మొహం చిన్నబోయింది గానీ ఉగ్గాని, బజ్జీ పెట్టేసరికి తేరుకున్నాడు. అతను తింటుండగా వేదవ్యాస బయటికి పోయి అతని కొత్త బండి ముందు వంగాడు. హెడ్‌లైటు పక్కన తాను కట్టించిన నిమ్మకాయను తీగతో సహా కత్తిరించి తీశాడు. నూలుదారంతో బంపర్‌కు కొత్తది కట్టాడు. "ఏంది సామీ, మారిందా?" అన్నాడు ప్రవీణ్. "మారింది నాయనా, నీ చుట్టాలందరికీ చెప్పు," అన్నాడు వేదవ్యాస. ఆ తర్వాతి పూజల్లో మైకు పట్టుకుని అదే చెప్పాడు. కంటి పక్కన అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది పాపం.

తర్వాతి అమావాస్యకు తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి పక్కన రుక్మిణమ్మ లేదు. వేదవ్యాస కండువా వేసుకుని వీధిలోకి వచ్చాడు. ఆమె కారు ముందు చిన్న పీట వేసుకుని, ఒళ్లో నిమ్మకాయ, నూలుదారం పెట్టుకుని, మసక వెలుతురులో బంపర్ మీద ముడి కోసం తడుముకుంటోంది. ఆయన దగ్గరికి పోయి చెయ్యి చాపాడు.

"ఇట్లియ్యి. నేను కడ్తా."

"మీరు ముడి వేస్తే నిలవదు. పోయి లైట్లు వేయండి, కనపడ్తాల్యా నాకు."

వేదవ్యాస కారు ఎక్కి స్విచ్ తిప్పాడు. రెండు దీపాలూ నిండుగా వెలిగాయి. ఆ వెలుగులో రుక్మిణమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లు చికిలించి, "మొహానికి కాదండీ, డిమ్ వేయండి డిమ్," అని కసిరింది. ఆయన కాలికింది మీట నొక్కాడు. దీపాలు తలవంచాయి. ఆమె ముడి వేసి, రెండుసార్లు లాగి చూసుకుని, లేవడానికి బానెట్ మీద చెయ్యి వేసింది.